ఎనభై అవరోధాల తొలగింపు

ఆగస్టు పన్నెండో తేదీ ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు జిల్లా క్రీడాభివృద్ధి కార్యాలయం సిబ్బంది స్టేడియంలోని ఎనభై అవరోధాలను తొలగించారు. పని నలభై నిమిషాల్లో పూర్తయింది. ఎవరికీ గాయాలు కాలేదు.

అంతకు పది రోజుల ముందు రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. అందులో ఉన్నది ఒకటే వాక్యం. "క్రీడాకారుల పురోగతి మార్గమున గల సమస్త అవరోధములను పది దినముల లోపుగా తొలగించి, తొలగించిన అవరోధముల సంఖ్యను నిర్ణీత నమూనాలో పంపవలెను."

జిల్లా క్రీడాభివృద్ధి అధికారి శేషశయనం దాన్ని రెండుసార్లు చదివి సూపరింటెండెంటు గుండూరావును పిలిచారు.

"మన దగ్గర అవరోధాలు ఎన్ని ఉన్నాయి?"

గుండూరావు వేళ్లమీద చెప్పుకుంటూ వెళ్లాడు. కొళాయిలో నీళ్లు రావు. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదిలో గత ఎన్నికల సామాను ఉంది. కోచ్ పోస్టు మూడేళ్లుగా ఖాళీ. ట్రాక్ మలుపులో ఆరో వరుస మధ్యన కరెంటు స్తంభం ఉంది.

"అవి సమస్యలు," అన్నారు శేషశయనం. "మనల్ని అడిగింది అవరోధాలు."

గుండూరావు సామాన్ల రిజిస్టరు తెచ్చాడు. రెండేళ్ల కిందట తెలుగు భాషా వారోత్సవాల్లో ఆ రిజిస్టరునంతా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చారు. జావెలిన్ బల్లెం అయింది. షాట్‌పుట్ ఇనుప గుండు అయింది. హర్డిల్స్ ఉన్న వరుసలో 'అవరోధములు, ఇనుపవి, ఎనభై' అని ఉంది.

"ఎనభై," అన్నాడు గుండూరావు.

"ఎక్కడున్నాయి?"

"ట్రాక్ మీదనే సార్. క్రీడాకారుల మార్గంలోనే."

శేషశయనం తొలగింపు ఉత్తర్వుమీద సంతకం చేశారు. తొలగించినవాటిని ఒక గదిలో పెట్టి, తాళం వేసి, లక్కముద్ర వేశారు. నివేదిక అదే రోజు పంపారు.

ట్రాక్ మీద ఆ ఎనభైని వాడుతున్నది ఒక మనిషి. పేరు కుళ్ళాయమ్మ. వయసు ఇరవై నాలుగు. నూరు మీటర్ల హర్డిల్స్ ఆమె పోటీ. నూరు మీటర్లలో పది హర్డిళ్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఎనభై నాలుగు సెంటీమీటర్లకు రెండు మిల్లీమీటర్లు తక్కువ. మొదటిదాకా ఉన్న పదమూడు మీటర్లలో ఎనిమిది అడుగులు వేయాలి, ఆ తర్వాత రెండింటి మధ్య మూడేసి. నాలుగో అడుగు పడితే ఓడినట్టే.

ఆమెను ఇందులోకి దింపింది పీఈటీ మాస్టరు ఫక్రుద్దీన్. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా బడి గంట కొట్టాక గేటు మూసేవాళ్లు. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు ఫక్రుద్దీన్ రాసుకునేవాడు. ఏడాదంతా కుళ్ళాయమ్మ రోజూ ఆలస్యంగా వచ్చింది, ఒక్క రోజు కూడా ఆమె పేరు ఆ జాబితాకు ఎక్కలేదు. ఎందుకో చూద్దామని ఒకరోజు గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె మూసిన గేటు దగ్గర ఆగకుండానే, దానిమీదుగా లోపలికి వచ్చింది. ఆయన టేపు తెచ్చి గేటు కొలిచాడు. మూడడుగులు. ఆ పిల్లను దండించకుండా గేటును ఎందుకు కొలుస్తున్నాడని హెడ్మాస్టరు అడిగాడు.

ఆ తర్వాత ఆమె జిల్లా పోటీల్లో నాలుగుసార్లు మొదటి స్థానం, రాష్ట్ర పోటీల్లో ఒకసారి ఐదు, ఒకసారి నాలుగు. నాలుగో స్థానం కిందటేడు వచ్చింది. సెకనులో నూటికి రెండు వంతుల తేడాతో మూడో స్థానం పోయింది. క్రీడా కోటా ఉద్యోగానికి రాష్ట్ర పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో ఒకటి ఉండాలి. వయసు ఇరవై ఐదు దాటకూడదు. ఆమెకు డిసెంబరులో ఇరవై ఐదు నిండుతాయి. మిగిలింది సెప్టెంబరు చివర్లో జరిగే ఒక్క పోటీ.

పన్నెండో తేదీ సాయంత్రం ఐదు గంటలకు ఆమె, ఫక్రుద్దీన్ కలిసి శేషశయనం గదిలోకి వెళ్లారు.

"సార్, హర్డిల్స్ యాడున్నాయి?"

"తొలగించామమ్మా. నీ దారిలో ఉన్నవి ఎనభై. ఒక్కటీ మిగల్లేదు."

"వాటిని నేను దాటల్ల కద సార్."

"ఇక దాటాల్సిన అవసరం లేదు. ప్రభుత్వ ఉద్దేశం అదే."

ఫక్రుద్దీన్ ముందుకు వచ్చాడు. "సార్, ఈ పాప పోటీనే అది. అవి తీసేస్తే ఇంగ దేనిమింద ఎగరల్ల?"

"మాస్టారూ, మీరు రిటైరయ్యారు కదా?"

"అయినా సార్. రెండేండ్లాయ."

"అదీ సంగతి. కొత్త విధానాలు మీదాకా రాలేదు." శేషశయనం కుళ్ళాయమ్మ వైపు తిరిగారు. "ఇంతమంది క్రీడాకారులు నీళ్లు లేవనీ, గది లేదనీ వస్తారు. అవరోధాలు కావాలని అడిగినదానివి నువ్వొక్కతివే. ఇంట్లో అంతా బాగానే ఉందా?"

సోమవారం ఆమె కలెక్టరేట్‌లో అర్జీల దినానికి వెళ్లింది. కంప్యూటర్ ముందున్న ఉద్యోగి అర్జీ చదివాడు.

"అవరోధాలు తొలగించమని కదా?"

"కాదన్నా. పెట్టమని."

అతను తెరమీద వెతికాడు. "అవరోధాల తొలగింపు అని ఉంది. అవరోధాల కల్పన అని లేదు మా."

"మరి ఎట్ల?"

"ఇతరములు అని కొడతా. దాంట్లో అన్నీ పడతాయి."

ఏడో రోజున ఆమె ఫోనుకు రెండు సందేశాలు వచ్చాయి. మొదటిదానిలో 'క్రీడాకారులకు అవరోధములు కల్పించు అధికారము ఈ కార్యాలయమునకు లేదని తెలియజేయడమైనది' అని ఉంది. రెండోదానిలో 'మీ అర్జీ సంతృప్తికరముగా పరిష్కరించబడినది' అని ఉంది.

ఆమె తండ్రి నాగలింగప్ప టమోటా మండీలో హమాలీ. ఖాళీ ప్లాస్టిక్ పెట్టె ఎత్తు ఇరవై ఎనిమిది సెంటీమీటర్లని ఆయనకూ తెలియదు. ఫక్రుద్దీన్ టేపు పెట్టి చూశాడు. మూడు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెడితే సరిగ్గా ఎనభై నాలుగు. మండీ వెనక సిమెంటు రోడ్డు నూట పది మీటర్లుంది. లారీలు ఏడు గంటలకు గాని రావు. ఆరింటికి ముప్పై పెట్టెలతో పది దొంతరలు పేర్చి ఆమె ఎగరడం మొదలుపెట్టింది. హమాలీలు బీడీలు తాగుతూ చూసేవాళ్లు.

"ఏం లింగప్పా, నీ కూతురు ఒక్క టమోటా గూడ తొక్కకుండ పోతాంది!"

"పెట్టెల్లో టమోటా యాడుందప్పా తొక్కనీకి?"

ఈలోగా రాజధానిలో నివేదికలు చేరాయి. కొన్ని జిల్లాలు నాలుగు అవరోధాలు తొలగించాయి, కొన్ని ఆరు. ఒక జిల్లా సున్నా అని పంపి సంజాయిషీ రాసుకుంది. ఎనభై తొలగించిన జిల్లా ఒకటే. శేషశయనాన్ని రాజధానికి పిలిచి శాలువా కప్పారు. విలేకరులు రహస్యం అడిగితే, "సంకల్పం ఉంటే అవరోధాలు వాటంతట అవే కనబడతాయి," అని చెప్పారు. జిల్లాను అవరోధరహిత ఆదర్శ జిల్లాగా ప్రకటించారు. మిగతా జిల్లాలు తమ రిజిస్టర్లు తెరిచాయి. పదిహేను రోజుల్లో రాష్ట్రంలోని ప్రభుత్వ స్టేడియాల్లో ఒక్క హర్డిల్ కూడా మిగల్లేదు. సంఖ్య చాలక ఒక జిల్లా ప్రైవేటు కాలేజీ నుంచి నలభై హర్డిళ్లు అడిగి తెచ్చుకుని, తన స్టేడియంలో పెట్టి, తొలగించింది.

ఆదర్శ జిల్లాకు ఆ ఏడు రాష్ట్ర పోటీలు జరిపే అవకాశం ఇచ్చారు. జిల్లా ఆదర్శంగానే ఉందో లేదో చూసుకోవడానికి అవరోధ నిర్మూలనా బృందం ఒకటి ఏర్పడింది. దానికి ఒక జీపు, ఒక వీడియో కెమెరా, గుండూరావు. సెప్టెంబరు నాలుగో తేదీ ఉదయం ఆరున్నరకు జీపు మండీ వెనక ఆగింది.

"ఏమిటివి?" అన్నాడు గుండూరావు.

"టమోటా పెట్టెలు సార్," అన్నాడు నాగలింగప్ప.

"టమోటాలు ఏవి?"

"అమ్ముడుపాయ."

"టమోటాలుంటే పెట్టె. లేకుంటే అవరోధం."

"సార్, రోజూ ఇట్లనే పేరుస్తాము. ఎవురూ ఏమీ అన్లేదు."

"అప్పుడు మీ కూతురు వాటిమీద ఎగరలేదు కదా. క్రీడాకారిణి మార్గంలో పెట్టావు. అందులోనూ కన్నతండ్రివి."

నాగలింగప్పకు నోటీసు ఇచ్చారు. కుమార్తె పురోగతికి అవరోధములు కల్పించినందుకు ఏల చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపాలని అందులో ఉంది. ఆయన చదువుకోలేదు. కుళ్ళాయమ్మ చదివి వినిపించింది.

"నేనేం జేసినా?" అన్నాడు.

"నాకు అడ్డం పడినావంట నాయనా."

"ఇరవై నాలుగేండ్లకు తెలిసిందే వీళ్లకు."

మరునాటి నుంచి పై పెట్టెల్లో టమోటాలు నింపి పేర్చారు. బృందం రెండుసార్లు వచ్చి, టమోటాలు చూసి, వీడియో తీసుకుని వెళ్లింది. ఖాళీ పెట్టెకు కాలు తగిలితే పడిపోయేది. నిండు పెట్టె పడదు. మొదటి వారంలో ఆమె ఎడమ మోకాలు రెండుసార్లు చీరుకుపోయింది. రెండో వారం నుంచి ఆమె దేనికీ తగల్లేదు. ఫక్రుద్దీన్ గడియారంలో కాలం పద్నాలుగు సెకన్ల కిందికి వచ్చింది.

సెప్టెంబరు ఇరవయ్యో తేదీన పోటీల సాంకేతిక సంఘం కూర్చుంది. రాజధాని నుంచి క్రీడాశాఖ డైరెక్టరు వచ్చారు. అవరోధరహిత రాష్ట్రంలో అవరోధాల పరుగు ఎలా అన్నది ప్రశ్న. రద్దు చేయడానికి లేదు, ఆహ్వాన పత్రాలు అచ్చయ్యాయి.

"పరుగు ఉంటుంది, అవరోధాలు ఉండవు," అన్నారు డైరెక్టరు.

సంఘంలో ఉన్న ముసలి రిఫరీ చెయ్యెత్తాడు. "అప్పుడు దానికీ మామూలు నూరు మీటర్లకూ తేడా ఏముంటుంది సార్?"

"పేరు," అన్నారు డైరెక్టరు.

రిఫరీ కూర్చోలేదు. నియమాల ప్రకారం క్రీడాకారిణి పది హర్డిళ్లు దాటినట్టు ఎవరో ఒకరు సంతకం చేయాలి, తాను చేయను అన్నాడు. గంటన్నర చర్చ తర్వాత పరిష్కారం దొరికింది. హర్డిళ్లు ఉండవలసిన చోట సున్నంతో పది గీతలు గీస్తారు. గీతకొక వీఆర్ఓ, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ప్రతి క్రీడాకారిణి పేరు ఎదుట 'దాటెను' లేక 'దాటలేదు' అని రాసి సంతకం చేస్తాడు. హద్దుల విషయంలో వారికున్న అనుభవం మరొకరికి లేదని శేషశయనం వివరించారు.

హర్డిళ్లు ఉండవన్న కబురు బయటికి పొక్కింది. మిగతా జిల్లాల్లో ఏడు తమ హర్డిల్స్ పిల్లల్ని ఆపి, మామూలు నూరు మీటర్లు పరిగెత్తే పిల్లల్ని పంపాయి, మిగిలినవి ఎవరినీ పంపలేదు. ఎనిమిది మందే కాబట్టి నేరుగా ఫైనల్ పెట్టారు; వాళ్లలో అంతకుముందు హర్డిల్ ఎగిరినది కుళ్ళాయమ్మ ఒక్కతే.

ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం పదింటికి, ఫైనల్‌కు గంట ముందు, ఫక్రుద్దీన్ ఆమెను గ్యాలరీ నీడలో కూర్చోబెట్టాడు.

"చూడమ్మా, ఉన్నది చెప్తా. వాళ్లంతా ఉత్త పరుగు పిల్లోళ్లు. నువ్వు గూడ ఉత్తగా పరిగెత్తితే ఆరో స్థానం వస్తాది. ఎగిరితే ఎనిమిది."

"అయితే రెండిట్లోనూ ఉద్యోగం రాదు."

"రాదు."

"మరి ఇంగేంటికి సార్ అడిగేది?"

"అడగల్ల కదా, కోచ్‌ను."

ఆమె బూట్ల తాళ్లు కట్టుకుంది. "పదమూడు మీటర్లు పోతానే కాలు దానంతట అదే లేస్తాది సార్. నేను ఆపలేను."

అదే సమయానికి ట్రాక్ మీద పదిమంది వీఆర్ఓలు కుర్చీలు సర్దుకుంటున్నారు. వాళ్లలో పెద్దవాడు ఓబులేసు, మరో ఆరు నెలల్లో రిటైరవుతాడు. చిన్నవాళ్లు ఆయన చుట్టూ చేరారు.

"అన్నా, ఏమీ లేనిదాన్ని దాటినారని ఎట్ల రాయల్ల?"

"ఎగిరితే దాటినట్టు. ఊరికే పోతే పోయినట్టు. అంతే. ఎక్కువ ఆలోచన జేసినావంటే ప్రమోషన్ రాదు."

పదకొండు గంటల నాలుగు నిమిషాలకు తుపాకీ పేలింది. ఏడుగురు గీతలమీదుగా పరిగెత్తారు. ఒక్కతి పది గీతల దగ్గరా ఎగిరింది. మొదట వచ్చిన అమ్మాయి కాలం పన్నెండు సెకన్ల ఎనభై. కుళ్ళాయమ్మ పదమూడు సెకన్ల తొంభై ఆరుతో ఎనిమిదో మనిషిగా వచ్చింది. గ్యాలరీలో నవ్వారు. ఎవరో, "మ్మే, యాడుందిమే అడ్డం? కల్లోనా?" అని అరిచారు.

పదకొండున్నరకు వీఆర్ఓల కాగితాలు రిఫరీ చేతికి వచ్చాయి. పది కాగితాల్లోనూ ఏడుగురి ఎదుట 'దాటలేదు' అని ఉంది. కుళ్ళాయమ్మ ఎదుట 'దాటెను'. రిఫరీ నియమాల పుస్తకం తెరిచి, దాటని ఏడుగురినీ పోటీ నుంచి తొలగించి, ఫలితం రాసి, డైరెక్టరు సంతకానికి పంపాడు. మొదటి స్థానం కుళ్ళాయమ్మ. రెండు, మూడు స్థానాలు ఖాళీ.

పన్నెండింటికి ఏడు జిల్లాల జట్ల మేనేజర్లు డైరెక్టరు కూర్చున్న డేరాలోకి వచ్చారు. లేనిదాన్ని దాటడం ఎలా సాధ్యమని అడిగారు. డైరెక్టరుకు అంతకంటే పెద్ద సంగతి తోచింది.

"ఈ అమ్మాయి పది దాటిందని నేను సంతకం చేస్తే, ఈ మైదానంలో పది అవరోధాలు ఉన్నాయని ఒప్పుకున్నట్టే," అన్నారు. "నాలుగు గంటలకు మంత్రిగారు వచ్చి అవరోధరహిత రాష్ట్రమని ప్రకటిస్తారు. వీఆర్ఓలను పిలవండి."

పదిమంది వచ్చి వరుసగా నిలబడ్డారు. మాట్లాడింది ఓబులేసు.

"మీరేమీ కంగారు పడొద్దు," అన్నారు శేషశయనం. "ఆ ఒక్క పేరు దగ్గర 'దాటెను' కొట్టేసి 'దాటలేదు' అని రాయండి. పక్కన పొట్టి సంతకం."

"కొట్టేసేది కుదర్దు సార్."

"మీరు చూసింది అబద్ధమని అనడం లేదు."

"నిజమో అబద్ధమో నాకు పన్లేదు సార్. ముప్పై నాలుగేండ్ల సర్వీసు. లేని బావి ఉందని రాసినా. నీళ్లు పారే వంక లేదని రాసినా. బతికున్న ముసలాయన్ను రెండుతూర్లు సంపినా. ఎవురూ నన్ను ఏమీ అన్లేదు. కొట్టివేత మాత్రం ఒక్కటి లేదు సార్ నా సర్వీసులో. రాసింది తప్పయితే పొరపాటు అంటారు. దిద్దితే సస్పెండ్ జేస్తారు."

"నేను చెబుతున్నాను కదా!" అన్నారు డైరెక్టరు.

"కాగితమ్మింద జెప్పండి సార్. ఫలానా పేరు కాడ కొట్టేసి ఫలానాది రాయమని. మీ సంతకంతో."

డైరెక్టరు కాగితం అడగలేదు. మిగిలిన తొమ్మిది మంది కూడా ఓబులేసు చెప్పిందే చెప్పారు.

"పోటీనే రద్దు చేస్తే?" అన్నారు డైరెక్టరు.

గుండూరావు మంత్రిగారి నిమిషాలవారీ కార్యక్రమం తెచ్చి బల్లమీద పెట్టాడు. దానిమీద కలెక్టరు సంతకం, మంత్రిగారి కార్యాలయం ముద్ర ఉన్నాయి. ఏడో అంశం, నాలుగు గంటల పది నిమిషాలకు: అవరోధాల పరుగు విజేతకు పతక ప్రదానం. ఎనిమిదో అంశం, నాలుగు గంటల పదిహేను నిమిషాలకు: అవరోధరహిత రాష్ట్ర ప్రకటన.

"విజేత లేకుంటే ఐదు నిమిషాలు మంత్రిగారు వేదికమీద ఏం చేయాలి సార్?" అని అడిగాడు గుండూరావు.

ఒంటిగంటకు భోజనాలు వచ్చాయి. మూడింటికి ఏడుగురు మేనేజర్లు రాతపూర్వకంగా నిరసన ఇచ్చి బస్సులెక్కారు. మూడు గంటల నలభై నిమిషాలకు సైరన్ వినపడింది.

డేరా బయట కుళ్ళాయమ్మ, నాగలింగప్ప, ఫక్రుద్దీన్ నేలమీద కూర్చుని ఉన్నారు. నాగలింగప్ప రెండుసార్లు లేచి డేరా గుడ్డ పక్కకు జరిపి చూశాడు.

"ఏం జేస్తాండారు నాయనా?"

"కలం తెరిచినాడు. మళ్లా మూసినాడు."

మూడు గంటల యాభై రెండు నిమిషాలకు డైరెక్టరు రెండు కాగితాలమీద సంతకం చేశారు. మొదటిది మంత్రిగారు చదవవలసిన ప్రకటన: రాష్ట్రంలోని క్రీడా మైదానాల్లో అవరోధములు, సున్నా. రెండోది ఉద్యోగ దరఖాస్తుకు జతపరచవలసిన ధ్రువపత్రం: నూరు మీటర్ల అవరోధాల పరుగు, ప్రథమ స్థానం, కుళ్ళాయమ్మ, దాటిన అవరోధములు, పది.